'సూపర్ అన్నా' అనేసి వెళ్లిపోకండి

అక్టోబరు రాగానే న్యూజెర్సీలో చెట్లకంటే ముందు మన వాట్సాప్ గ్రూపులు రంగు మారతాయి. ఎర్రటి మేపుల్ ఆకులు, పసుపు పూసినట్టున్న కొండలు, అద్దంలా నిలిచిన చెరువులు. శనివారం పొద్దున్నే డెలావేర్ వాటర్ గ్యాప్ వైపు వెళ్లిన ప్రతి కారూ సాయంత్రానికి నలభై ఫొటోలతో తిరిగొస్తుంది. అవి ఒక్కొక్కటే గ్రూపులో పడుతుంటే కింద వచ్చే జవాబులు మీకు తెలియనివి కావు. 'సూపర్ అన్నా'. 'నైస్ క్లిక్ వదినా'. 'అదిరింది బ్రో'. రెండు చప్పట్లు, నాలుగు గుండెలు. పదిహేను సెకన్లలో పని అయిపోతుంది.

నా ఫిర్యాదు పొగడ్త మీద కాదు. అసలది పొగడ్తే కాదన్నది నా ఫిర్యాదు. పార్సిల్ తెచ్చినవాడికి సంతకం పెట్టి పంపేస్తాం చూడండి, 'సూపర్' అలాంటిది. అందిందని చెప్పడమే తప్ప విప్పి చూశామని కాదు. చలిలో నాలుగింటికి లేచి, ట్రైపాడ్ మోసుకుని, బురదలో మోకాళ్ల మీద కూర్చుని తీసిన ఫొటోకీ, కారు దిగకుండా అద్దంలోంచి తీసిన ఫొటోకీ మనం ఇచ్చే జవాబు ఒకటే అయినప్పుడు, మొదటివాడికి మనం ఇచ్చింది ఏమిటి?

మా మిత్రుడి కూతురు తొమ్మిదో తరగతి. పోయినేడాది వాళ్ల ఊరి చెరువులో నిలబడ్డ పెద్ద నీలికొంగను, ఇక్కడివాళ్లు గ్రేట్ బ్లూ హెరాన్ అంటారే, దాన్ని నీటిలో ప్రతిబింబంతో సహా తీసింది. గాలి లేని పొద్దు. ఏది కొంగ, ఏది ప్రతిబింబం అని తేల్చుకోవాలంటే కాసేపు ఆగి చూడాల్సిందే. ఆ పిల్ల కావాలనే ఫొటోను తలకిందులు చేసి తండ్రి చేత గ్రూపులో పెట్టించింది. అందరూ మెచ్చుకున్నారు. 'బంగారు తల్లీ, నేషనల్ జాగ్రఫిక్‌కి పంపు' అని కూడా ఒకాయన రాశారు. తలకిందులుగా ఉందని ఒక్కరూ అనలేదు. 'అంకుల్స్ అందరూ చాలా మంచివాళ్లు నాన్నా, కానీ ఎవరూ చూడలేదు' అందట.

మనకు చూడటం రాక కాదు, చూసింది చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటానికి సగం కారణం మాటలోనే ఉంది. 'విమర్శ' అనగానే మనకు గుర్తొచ్చేది టీవీ స్క్రోలింగ్: ప్రతిపక్షం తీవ్రంగా విమర్శించింది, మంత్రి ఘాటుగా విమర్శించారు. కానీ సాహిత్యంలో అదే మాటకు అర్థం వేరు. అక్కడ విమర్శ అంటే పరిశీలన, గుణమూ దోషమూ రెండూ తేల్చి చూడటం. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో రాసిన పుస్తకం పేరు 'కవిత్వతత్త్వ విచారము'. అందులో విచారమంటే దుఃఖం కాదు, ఆలోచన. విమర్శ, విచారం రెండు మాటలూ మన వాడుకలోకి వచ్చేసరికి ఒకటి దాడిగా, రెండోది ఏడుపుగా మారిపోవడం గమ్మత్తే. ఫొటో గురించి మాట్లాడేటప్పుడైనా పాత అర్థాన్ని వెనక్కి తెచ్చుకోవాలని నా కోరిక.

నిజానికి విమర్శను తట్టుకోవడం మనకు కొత్త కాదు. ఆదివారం పిల్లల్ని కర్ణాటక సంగీతం క్లాసుకి తీసుకెళ్తాం. గురువుగారు అందరి ముందూ 'తాళం జారింది, మళ్లీ పాడు' అంటారు. కూచిపూడి క్లాసులో 'అరమండి ఏదీ?' అని ఆపేస్తారు. మనం పక్కన కుర్చీలో కూర్చుని తల ఊపుతాం, పైగా నెలనెలా ఫీజు కట్టి మరీ. సోమవారం ఆఫీసుకెళ్తే మన సంగతీ అంతే. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకు కోడ్ రివ్యూ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మనం రాసిన ప్రతి లైనూ ఇంకొకరు చదివి, ఇక్కడ ఈ సందర్భం వదిలేశావు, ఈ పేరు అర్థం కావడం లేదు అని రాస్తారు. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు రాస్తారు. దిద్దుకుని ముందుకెళ్తాం. ఆ వ్యాఖ్య కోడ్ మీదే గానీ మన మీద కాదని తెలుసు కాబట్టి అన్నం సహిస్తుంది. అదే మనిషి శనివారం పెట్టిన ఫొటోకి 'హొరైజన్ కొంచెం ఒరిగింది' అంటే ఆదివారం పాట్‌లక్‌లో పలకరింపు తగ్గుతుంది!

కోడ్ రివ్యూ నుంచి నేను ఫొటోల దగ్గరికి తెచ్చుకున్న అలవాటు ఒక్కటే. వేలు పెట్టి చూపించగలిగిందే మాట్లాడాలి. 'కోడ్ బాలేదు' అని రాస్తే మా మేనేజర్ ఊరుకోరు. ఎక్కడ, ఏ లైను, దాని వల్ల ఏం జరుగుతుంది అని రాయాలి. ఫొటోకీ అంతే. 'ఏదో మిస్సయింది అన్నా' అన్నది విమర్శ కాదు. 'నా కన్ను ముందు కొంగ మీదికి పోలేదు, కుడి మూల తెల్లగా మెరుస్తున్న రాయి మీదికి పోయింది' అన్నది విమర్శ. మొదటిది విన్నవాడు దిగులు పడతాడు, చేయగలిగింది ఏమీ లేదు. రెండోది విన్నవాడు ఆ రాయిని క్రాప్‌లో తీసేస్తాడు, లేదా దాని వెలుగు తగ్గిస్తాడు, లేదా వచ్చేసారి రెండడుగులు ఎడమకు జరుగుతాడు.

కొన్నేళ్లుగా మేం పది పన్నెండు మందిమి నెలకోసారి పబ్లిక్ లైబ్రరీలో చిన్న గది తీసుకుని కూర్చుంటున్నాం. అందరం తెలుగువాళ్లమే. ఒక్కొక్కరూ రెండు ఫొటోలకు మించి తేకూడదు, ప్రకృతికి సంబంధించినవే తేవాలి: పక్షులు, చెట్లు, నీళ్లు, పురుగులు, కొండలు. ఫొటో ఎవరిదో తెర మీద పేరుండదు. తీసినవారు మొదటి ఐదు నిమిషాలు నోరు విప్పకూడదు. మిగతావాళ్లు ముందు తమకు ఏం కనబడుతోందో చెప్పాలి. బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. కనబడేది మాత్రమే. ఈ చివరి నియమం పెట్టినప్పుడు అందరూ నవ్వారు. చిన్నపిల్లల ఆటలా ఉందన్నారు. ఇప్పుడు మా కూటమిని నిలబెడుతున్నది అదేనని నా నమ్మకం.

ఒకసారి తెర మీద ఒక జలపాతం వచ్చింది. చుట్టూ శరదృతువు రంగులు, నీరు పాలనురుగులా సాగింది. షట్టర్ ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉంచితే అలా వస్తుంది. కనబడేది చెప్పమంటే మొదటివాళ్లు నీళ్లన్నారు. రెండోవాళ్లు ఎర్ర ఆకులన్నారు. మూడో ఆవిడ, 'ఆకులు ఎర్రగా లేవండీ, కాలుతున్నట్టున్నాయి. రాళ్ల మీద నాచు కూడా నారింజ రంగులోకి తిరిగింది' అన్నారు. అంతా మళ్లీ చూశాం. నిజమే. సాచురేషన్ పెంచినప్పుడు ఆకులతో పాటు నాచూ, రాయీ, నీటి అంచులూ అన్నీ పైకి లేచాయి. తీసినాయన చివర్లో నోరు విప్పి, 'అక్కడ నిలబడితే అలాగే అనిపించిందండీ' అన్నారు. అందులో అబద్ధం లేదు. మబ్బు పట్టిన రోజు, తడి అడవి, ఎదురుగా ఆ రంగు. మనసుకు అది మంటలాగే ఉండి ఉంటుంది. కానీ తెర ముందున్న మాకు ఆ తడి లేదు, చలి లేదు, నీటి చప్పుడు లేదు. ఉన్నది ఒక చతురస్రం, అందులో నారింజ రంగు నాచు.

ఫొటో విమర్శలో అసలు కీలకం ఇదేననుకుంటాను. తీసినవాడికి ఆ ఫొటోలో ఒక ఉదయం మొత్తం కనబడుతుంది. ఫ్లాస్కులో కాఫీ, వేళ్ల తిమ్మిరి, మూడు గంటలు ఎదురుచూశాక పక్షి తల తిప్పిన క్షణం. చూసేవాడికి ఫ్రేములో ఉన్నదే కనబడుతుంది. తన జ్ఞాపకాన్ని ఫొటోలోంచి తీసేసి చూడటం ఎవరికీ ఒంటరిగా సాధ్యం కాదు. దానికి రెండో మనిషి కావాలి. ఆ మనిషి పెద్ద ఫొటోగ్రాఫర్ కానక్కర్లేదు.

మా కూటమిలో అందరికంటే పనికొచ్చే మాట చెప్పేది గుంటూరు జిల్లాలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడల్లా మాతో కూర్చుంటారు. ఆయనకు అపర్చర్ అంటే తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఫోనుతో గులాబీలు తీస్తారు. కానీ వేల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దిన చేయి. ప్రతి ఫొటోకీ ఒకటే అడుగుతారు: 'ఇందులో నువ్వు చెప్పదలుచుకున్నది ఏది బాబూ?' చెప్పాక, 'మరి ఇవన్నీ ఎందుకున్నాయి?' అంటారు. అంతే. ఆకాశంలో సగం ఖాళీ, మూలన సగం తెగిన కొమ్మ, వెనక పార్కింగ్ లాట్ బోర్డు, అన్నీ ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పుకోలేక తలదించుకుంటాయి. కెమెరా పత్రికలు పేజీలు పేజీలు రాసే కాంపోజిషన్ పాఠం ఆ రెండు ప్రశ్నల్లో ఉంది.

అలాగని సాంకేతిక సంగతులు అక్కర్లేదని కాదు. కొన్ని చెప్పితీరాలి, చెబితే వెంటనే ఉపయోగపడతాయి. తెల్లకొంగలే చూడండి. నల్లటి నీళ్ల ముందు తెల్లకొంగ నిలబడితే కెమెరా ఫ్రేములోని చీకటిని చూసి మోసపోయి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. కొంగ రెక్కల్లో ఈకలు మాయమై సున్నం కొట్టిన గోడలా వస్తుంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయమని ఒక్క మాట చెబితే ఆ మనిషికి ఏడాది శ్రమ తప్పుతుంది. ఎగిరే పక్షికి సెకనులో రెండు వేలవ వంతు షట్టర్ వేగం పెట్టమనడం, పక్షి కంటికి మన కెమెరా సమానమైన ఎత్తులో ఉండేలా కిందికి దిగమనడం, ఫోకస్ రెక్క మీద కాక కంటి మీద ఉందో లేదో పెద్దది చేసి చూడమనడం, ఇవన్నీ ఆ కోవలోవే. కంట్లో చిన్న వెలుగు చుక్క ఉంటే పక్షి బతికి ఉన్నట్టుంటుంది, లేకపోతే బొమ్మలా ఉంటుంది. ఈ సంగతి నాకెవరో చెప్పేదాకా పట్టుకోలేకపోయాను. ఒకసారి విన్నాక ఇప్పుడు ముందు అక్కడికే చూపు పోతుంది.

సూత్రాలు పట్టుకుని వేలాడేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. ఫ్రేమును అడ్డంగా నిలువుగా మూడు భాగాలు చేసి, వస్తువును ఆ గీతలు కలిసే చోట పెట్టాలన్నది ఫొటోగ్రఫీలో మొదటి వారం నేర్పే పాఠం. మంచి పాఠమే. కానీ ఫొటో తెర మీదికి రాగానే 'రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించలేదు' అని తీర్పు చెప్పేవారు ఫొటోను చూడట్లేదు, స్కేలు పట్టుకుని కొలుస్తున్నారు. నడి చెరువులో ఒక్క తామర మొగ్గ, చుట్టూ ఏమీ లేదు. దాన్ని మధ్యలో పెట్టడంలోనే ఆ ఒంటరితనం ఉంది. పక్కకు జరిపితే ఒక మొగ్గ ఫొటో మిగులుతుంది. మార్కులు వేసే పద్ధతీ నాకు నచ్చదు. పదికి ఏడు అంటే ఆ మూడు ఎక్కడ పోయాయో చెప్పరు. మన పిల్లల చదువుల్లో చాలినన్ని మార్కులు ఉన్నాయి.

పొగడ్త పేరుతో చూడకుండా వెళ్లిపోవడం ఒక చివరైతే, నిజాయితీ పేరుతో మనిషిని కొట్టడం ఇంకో చివర. నాకు తెలిసిన ఒకాయన, ఏభై దాటాక కెమెరా పట్టుకున్నారు. ఆరోగ్యం బాగాలేక నడక మొదలుపెట్టి, నడకలో పిట్టలు పరిచయమై, పిట్టల కోసం పెద్ద లెన్సు కొన్నారు. ఒక పెద్ద గ్రూపులో తన రాబిన్ పిట్ట ఫొటో పెడితే, పేరున్న ఒక ఫొటోగ్రాఫర్ 'ఇది డిలీట్ చేయాల్సిన ఫొటో, షేర్ చేయాల్సింది కాదు' అని రాశారు. ఆ ఏడాది చివరికి లెన్సు అమ్మేశారు. నడకా తగ్గింది. ఆ ఫొటో నేను చూశాను. వెనక కొమ్మలు గజిబిజిగా ఉన్న మాట నిజం. కానీ పిట్ట ముక్కున ఉన్న వానపాము మెలిక తిరిగిన తీరు, ఆ తీరుకు పిట్ట తల వెనక్కి వంచిన తీరు, అంత దగ్గరగా ఎవరూ చూసి ఉండరు. 'ఆ క్షణం పట్టుకున్నారండీ. ఒక్క అడుగు పక్కకు జరిగి ఉంటే వెనక గడ్డి వచ్చేది, కొమ్మలు తప్పేవి' అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? అందులో అబద్ధమూ లేదు, బుజ్జగింపూ లేదు.

వినేవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఐదు నిమిషాల మౌనం మా వాళ్లకు మొదట్లో నరకంలా ఉండేది. 'అది కాదు, ఆ రోజు గాలి బాగా వీస్తోంది...' అని మొదలెట్టబోతారు. గాలి ఫొటోలో కనబడితేనే లెక్క. సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తే ఆ పని ఫొటో చేయలేదన్నట్టు. విన్నదంతా ఒప్పుకోవాలనీ లేదు. పది మంది పది రకాలుగా క్రాప్ చేయమంటారు, అందరి మాటా వింటే చివరికి తపాలా బిళ్ల మిగులుతుంది. ఒకే చోట ముగ్గురి కన్ను తట్టుకుంటే మాత్రం అక్కడ ఏదో ఉందని అర్థం. వాళ్లు చెప్పే మందు తప్పు కావచ్చు, నొప్పి ఉన్న చోటు మాత్రం నిజం. ఇది మళ్లీ కోడ్ రివ్యూ పాఠమే.

ఈ దేశపు ప్రకృతి ఫొటోలకు పెద్ద పేరు ఆన్సెల్ ఆడమ్స్. న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని 1941లో తీశారు. ముందు శ్మశానంలో శిలువలు, వెనక మంచు కొండలు, పైన చంద్రుడు. ఆ ఒక్క నెగటివ్ నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూనే ఉన్నారు. తొలి ప్రింట్లలో ఆకాశం కాస్త తేటగా, మబ్బులతో ఉంటుంది. తర్వాతి వాటిలో దాదాపు నల్లగా ఉంటుంది. ముందు భాగం పలచగా వస్తోందని 1948లో ఆ నెగటివ్‌నే రసాయనాలతో మళ్లీ శుద్ధి చేశారు, అంత విలువైన నెగటివ్ పాడయ్యే ప్రమాదం ఉన్నా. తన ఫొటోను పరాయివాడిలా మళ్లీ మళ్లీ చూడగలిగిన మనిషి ఆయన. మనకు ఆ గుణం పుట్టుకతో లేకపోతే, లైబ్రరీ గదిలో పది మంది ఆ పని చేసిపెడతారు.

ఇంతవరకూ అందం గురించి. దీనికంటే నాకు ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను కూడా. ప్రకృతి ఫొటోను విమర్శించేటప్పుడు 'ఎలా ఉంది' అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు. 'ఎలా తీశారు' అని కూడా అడగాలి. పెళ్లి ఫొటోలో ఆ అవసరం లేదు, పెళ్లికూతురు ఒప్పుకునే నిలబడుతుంది. గుడ్లగూబ ఒప్పుకోలేదు.

2013-14 చలికాలంలో ఆర్కిటిక్ నుంచి తెల్ల గుడ్లగూబలు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత పెద్ద సంఖ్యలో ఈ తూర్పు తీరానికి వచ్చాయి. న్యూజెర్సీ బీచ్ ఇసుకతిన్నెల మీద పట్టపగలు కూర్చుని కనబడేవి. కెమెరాలన్నీ అటే. పగలు అలా కూర్చోవడం వాటికి విశ్రాంతి. దగ్గరికి వెళ్లి లేపినప్పుడల్లా ఎగరాలి, ఎగిరినప్పుడల్లా ఒంట్లో శక్తి పోతుంది. రెక్కలు విప్పి సూటిగా మన వైపు చూస్తున్న గుడ్లగూబ ఫొటో చూసి 'వావ్' అన్నామనుకోండి. అది ఎందుకు మన వైపు చూసింది? ఎందుకు ఎగిరింది? చాలాసార్లు ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఫొటోగ్రాఫరే. మంచు బాతులదీ అదే కథ. పెన్సిల్వేనియాలో మిడిల్ క్రీక్ దగ్గర ఫిబ్రవరి, మార్చిలలో వేలకు వేలు దిగుతాయి. అన్నీ ఒక్కసారి లేచినప్పుడు ఆకాశం కనబడదు. గద్ద వచ్చి లేస్తే ఒక సంగతి. అవే లేచేదాకా చలిలో ఎదురుచూసేవాళ్లు ఎక్కువమందే. చప్పట్లు కొట్టి లేపేవాళ్లూ లేకపోలేదు. రెండు ఫొటోలూ ఒకేలా ఉంటాయి. మన 'సూపర్' కూడా రెండింటికీ ఒకేలా పడుతుంది. వచ్చే వారం చప్పట్లు ఇంకాస్త గట్టిగా వినబడతాయి.

యెల్లోస్టోన్‌కి వేసవిలో మనవాళ్లు కుటుంబాలతో వెళ్తారు. అక్కడ ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ 100 గజాల దూరం, బైసన్ వంటి మిగతా జంతువులకు 25 గజాల దూరం పాటించాలని నిబంధన. బోర్డులు ఉంటాయి, గేటు దగ్గర కాగితమూ ఇస్తారు. అయినా ఫోనుతో తీసిన ఫొటోలో బైసన్ ముక్కు వెంట్రుకలు లెక్కపెట్టేలా ఉంటే, 'క్లారిటీ అదిరింది' అనేముందు 'ఎంత దూరంలో ఉన్నారు బావగారూ?' అని అడగడం విమర్శలో భాగమే.

ఈ ప్రశ్న పెద్దవాళ్లనూ వదల్లేదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో మొదటి బహుమతి గేటు దూకుతున్న తోడేలుకు వచ్చింది. ఆ తోడేలు మచ్చికైనదే అయి ఉంటుందని తర్వాత న్యాయనిర్ణేతలు తేల్చి, 2010లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2017లో ఒక విభాగంలో గెలిచిన ఫొటో బ్రెజిల్‌ది. రాత్రి పూట మిణుకుమిణుకుమంటున్న చెదలపుట్ట దగ్గర చీమలు తినే జంతువు, యాంట్‌ఈటర్. అది గడ్డి కూరి నిలబెట్టిన బొమ్మ అని నిపుణులు నిర్ధారించడంతో 2018లో ఆ బహుమతీ పోయింది. తీసినవారు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. ఎలా పట్టుకున్నారో గమనించండి. ఫొటోలోని జంతువు ఒంటి మీద మచ్చలు, వెంట్రుకల కుచ్చులు ఒక సందర్శకుల కేంద్రంలోని బొమ్మతో ఒక్కొక్కటీ పోల్చి చూశారు. అంటే మొదటిసారి అందరూ మెచ్చుకున్నదాన్ని రెండోసారి ఎవరో నిజంగా చూశారు.

ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా వంటి సంస్థలు పోటీల్లో ప్రకృతి విభాగానికి పెట్టుకున్న నియమాలు మాకు బాగా పనికొచ్చాయి. అందంకంటే ఆ ఫొటో చెప్పే ప్రకృతి కథకే ఎక్కువ విలువ. వెలుగునీడలు సరిచేయొచ్చు, సెన్సర్ మీద దుమ్ము మచ్చలు తీసేయొచ్చు. ఉన్న కొమ్మను మాయం చేయకూడదు, లేని చంద్రుణ్ని పెట్టకూడదు. ఇప్పుడు ఫోనులో వేలు రాస్తే మనిషి మాయం, ఆకాశం మారుతుంది. ఇంట్లో గోడకు తగిలించుకునే బొమ్మకు నాకు అభ్యంతరం లేదు. 'ఇది నేను చూశాను' అని చెప్పి చూపించే ఫొటోకి మాత్రం ఉంది.

డిసెంబరు సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు మన లగేజీలో ఉండాలి. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు. వారం రోజుల్లో అత్తగారిల్లు, తిరుపతి, రెండు పెళ్లిళ్లు చూసుకుని, మిగిలిన ఒక్క పూటలో మంచి ఫొటో కావాలి. అప్పుడే 'కొంచెం అదిలించు తమ్ముడూ, ఎగురుతాయి' అని పడవవాడితో అనాలనిపిస్తుంది. గూళ్ల మీద ఉన్న పక్షి లేస్తే గుడ్లకు, పిల్లలకు ఎండా, కాకులూ. మాస్టారు ఉప్పలపాడు గురించి మాట్లాడితే ఆ చెరువు గట్టున ఊరివాళ్లు గొంతు తగ్గించి మాట్లాడటం గురించే చెబుతారు, ఫొటోల గురించి కాదు.

పోయిన నెల కూటమిలో ఒక ఫొటో మీద గంట సేపు వాదన నడిచింది. అట్లాంటిక్ సిటీకి దగ్గర్లో ఎడ్విన్ ఫోర్సైత్ అభయారణ్యం ఉంది, బ్రిగంటీన్ అంటే మనవాళ్లకు తెలుస్తుంది. ఎనిమిది మైళ్ల మట్టిరోడ్డు మీద కారులో తిరుగుతూ పక్షుల్ని చూడొచ్చు. అక్కడ సాయంత్రం వెలుగులో ఒక తెల్లకొంగ, చేప నోట్లో, నీటి చుక్కలు గాల్లో. కంట్లో వెలుగు చుక్క ఉంది, ఈకల గీతలున్నాయి, అన్నీ ఉన్నాయి. వెనక మసగ్గా అట్లాంటిక్ సిటీ కేసినో భవనాల వరస. సగం మంది క్రాప్ చేయమన్నారు, పోటీకి పంపితే ఆ భవనాల వల్లే పక్కన పెడతారు. మిగతా సగం, ఆ భవనాలే ఫొటో అన్నారు. కేసినోల ముందు కొంగ దాని పని అది చూసుకుంటోంది, అవి తీసేస్తే ఇలాంటి కొంగ ఫొటోలు లక్ష ఉన్నాయన్నారు. మాస్టారు ఫోనులో, గుంటూరు నుంచి, తెల్లవారుజామున, తన మొదటి ప్రశ్నే అడిగారు. తీసినావిడ చాలాసేపు తెర వంక చూసి, 'నాకు అప్పుడు కొంగ ఒక్కటే కనబడింది మాస్టారూ. ఇప్పుడు రెండూ కనబడుతున్నాయి' అన్నారు. క్రాప్ చేయలేదు. అలాగని వదిలేయనూ లేదు. భవనాల్లో దీపాలు వెలిగే వేళకు కొంగలు ఇంకా మేస్తుంటాయో లేదో చూడటానికి ఈ శనివారం మళ్లీ వెళ్తున్నారు. కారులో ఇంకో ఇద్దరికి చోటుందట.